అక్క చెయ్యి బాగానే ఉంది

"పెంగ్విన్ మావయ్య వచ్చాడమ్మా" అని మేనకోడలు తలుపు తీస్తూనే లోపలికి కేకేసింది.

మామూలుగా ఆ ముద్దుపేరు అతనికి ఇష్టమే. పట్టణ గ్రంథాలయంలో ముప్పై కంప్యూటర్లు అతని చేతికింద ఉన్నాయి. అన్నిటిలోనూ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే నడుస్తుంది. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచుకోవచ్చు. ఇంతకన్నా ధర్మమైనది లోకంలో ఇంకొకటి లేదని అతని నమ్మకం. నమ్మకం ఉంటే ఉండనీ, దాన్ని తన దగ్గరే పెట్టుకునే మనిషి కాదు. చుట్టపుచూపుగా ఎవరింటికి వెళ్లినా అక్కడి కంప్యూటర్ జాతకం మార్చందే మంచినీళ్లు ముట్టడు. మార్చాక, ఆ సాఫ్ట్‌వేర్ గుర్తు అయిన పెంగ్విన్ బొమ్మ ఒకటి దాని మూత మీద అంటించి మరీ వస్తాడు. అక్క ల్యాప్‌టాప్ మీదా ఒకటుంది. ఇవాళ మాత్రం ఆ పక్షి వంక చూడటానికి కూడా అతనికి మొహం చెల్లడం లేదు.

ఎందుకంటే, అక్క చేతికి ఏ జబ్బూ లేదని అతనికి తెలుసు. ఆ సంగతి ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు, అక్కతో సహా.

అక్క బడి పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. కథల బొమ్మలు కావు, సైన్సు పాఠాల బొమ్మలు. గుండె నిలువుకోత, పువ్వు అడ్డకోత, కప్ప జీర్ణకోశం. పుస్తకాలు వేసే సంస్థలో చిన్నా పెద్దా అందరూ ఆమెను బొమ్మలక్క అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా అదే పని, అదీ మౌస్‌తో. గీయడానికి ప్రత్యేకంగా పలకలూ పెన్నులూ వచ్చాయి తీసుకోమంటే, "దీనికి నా చెయ్యి అలవాటైపోయింది, ఇప్పుడు దానికి కొత్త పాఠాలు చెప్పలేను" అంది. మౌస్ పట్టుకుని ఆమె ఒక నరాన్ని గీస్తే మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా చెయ్యి ఆగిన జాడ కనిపించేది కాదు.

నాలుగు నెలల కిందట ఒక అప్‌డేట్ వచ్చిన మర్నాడు ఆ ల్యాప్‌టాప్ తెర నల్లగా ఉండిపోయింది. తమ్ముడు సెలవు పెట్టుకుని వచ్చాడు. గ్రాఫిక్స్ చిప్‌కీ కొత్త సాఫ్ట్‌వేర్‌కీ పొత్తు కుదరడం లేదని గంటలో కనిపెట్టాడు. సరిచేసిన అప్‌డేట్ ఒకటి రెండు వారాల్లో వస్తుంది. అందాకా పని ఆగకుండా, ల్యాప్‌టాప్ లేచేటప్పుడు చదువుకునే వరుసలో ఒకే ఒక్క మాట చేర్చాడు. ఆ మాటకి అర్థం, 'గ్రాఫిక్స్ చిప్ జోలికి పోకు, తెర మీది బొమ్మంతా మామూలు ప్రాసెసరే గీసుకుంటుంది' అని. కాలు బెణికినవాడికి చేతికర్ర ఇవ్వడం లాంటిది. కాలు కుదురుకోగానే కర్ర తీసెయ్యాలి. అతను తీసెయ్యలేదు. మర్చిపోయాడు.

ఉత్తరాలు రాసుకునేవాళ్లకైతే తేడా తెలిసేది కాదు. అక్క వేసే బొమ్మలు పెద్దవి, ఒక్కోదానిలో వేల గీతలుంటాయి. అంత బొమ్మని ప్రాసెసర్ ఒక్కటీ మోస్తుంటే కర్సర్ చేతి వెనకాల తడబడుతూ వచ్చేది. నున్నగా రావలసిన గీత గతుకులు పడేది. ఆమె కంగారు పడి తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఖాళీ తెర మీద కర్సర్ తిప్పి చూడక్కా. బాగా తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"ఏదైనా ఉత్తరం తెరిచి చూడు."

"అక్కడా బాగానే ఉంది రా. బొమ్మ గీస్తుంటేనే గీత వణుకుతోంది."

గ్రంథాలయంలో అప్పుడు అతను పని ఒత్తిడిలో ఉన్నాడు. దానికి తోడు తాను పెట్టిన సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా వేలెత్తి చూపిస్తే అతనికి ఒళ్లు మండుతుంది, ఆ చూపించేది సొంత అక్కయినా సరే. "సాఫ్ట్‌వేర్‌లో లోపమైతే అన్నిచోట్లా కనిపించాలి కదక్కా. గీసేటప్పుడే అంటే అది చెయ్యే. నాన్నకి కూడా సంతకం పెట్టేటప్పుడే కదా మొదట వణికింది. ఎందుకైనా మంచిది, డాక్టర్‌కి చూపించుకో" అన్నాడు.

అంత మాట అనేసి ఫోన్ పెట్టేసి తన పనిలో పడ్డాడు. అక్క మాత్రం ఆ రోజు ఇంకే పనీ చెయ్యలేకపోయింది. నాన్న చివరి మూడేళ్లూ చెంచా నోటిదాకా తీసుకెళ్లలేక అవస్థ పడుతుంటే పక్కన కూర్చుని తినిపించింది ఆమే.

డాక్టర్ కాగితమిచ్చి లోపల్నుంచి బయటికి చుట్లు చుట్టమన్నాడు. భయంతో బిగుసుకుపోయిన చేతికి ఆ చుట్లు వంకరగానే వచ్చాయి. "గట్టిగా చెప్పలేను, కానీ మీ నాన్నగారికి ఉందంటున్నారు కాబట్టి మందు మొదలుపెట్టి చూద్దాం" అని రాసిచ్చాడు. ఆ మాత్రలకి పగలంతా మత్తు. కత్తిపీట బావ చేతికి వెళ్లింది. మేనకోడలు కాలేజీకి వెళ్లేముందు తల్లికి జడ వెయ్యడం నేర్చుకుంది.

పద్దెనిమిది రోజుల కిందట గ్రంథాలయంలో ఒక కంప్యూటర్‌కి అదే రకంగా తెర నల్లబడింది. పెంగ్విన్ మావయ్యకి ఒక పద్ధతి ఉంది. తాత్కాలికంగా చేసిన ప్రతి మరమ్మతునీ ఒక పుస్తకంలో రాసుకుంటాడు, దాన్ని తీసేసిన రోజున ఆ వరుస కొట్టేస్తాడు. పాత మందేమిటో చూద్దామని పుస్తకం తిరగేస్తే, కొట్టివేతల మధ్య కొట్టెయ్యని వరుస ఒకటి కనిపించింది. 'అక్క ల్యాప్‌టాప్. గ్రాఫిక్స్ ఆపే మాట చేర్చాను. రెండు వారాల్లో తీసెయ్యాలి.' అక్క చేతికి ఏమైందో ఆ క్షణంలోనే మొత్తం అర్థమైపోయింది.

వెంటనే ఫోన్ చెయ్యాలి కదా. చెయ్యలేదు. ఇది ఫోన్లో చెప్పే మాట కాదనుకున్నాడు. ఆదివారం వెళ్లి చప్పుడు చెయ్యకుండా సరిచేసి వస్తే అదే సర్దుకుంటుందనుకున్నాడు. ఆ ఆదివారం పుస్తకాల లెక్కింపు పడింది. మరుసటి ఆదివారం ఏదో పడింది. పడకపోతే తనే పడేసుకునేవాడు. చెప్పకుండా గడిచిన ప్రతి రోజూ చెప్పడాన్ని మరింత కష్టం చేసింది.

నిన్న మేనకోడలు ఫోన్ చేసింది. "అమ్మ ఇంక బొమ్మలు వెయ్యలేనని ఆఫీసుకి ఉత్తరం రాసిచ్చేసింది మావయ్యా, నువ్వు బెంగపడతావని నీకు చెప్పలేదట. కొత్తావిడని పెట్టుకున్నారట. ఫైళ్లన్నీ డిస్కులో ఎక్కించి రేపు మధ్యాహ్నం పంపెయ్యాలి. నువ్వు వచ్చి ఎక్కించాలట" అంది. అందుకే ఇవాళ రాక తప్పలేదు.

అక్క కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఉంది. కుడి మణికట్టుకి బిగుతుగా సాగేగుడ్డ పట్టీ, దాని కింద మెత్తగా ఉండాలని మడతపెట్టిన తువ్వాలు. తెర మీద చెవి బొమ్మ సగంలో ఆగి ఉంది. డొప్ప, గొట్టం, మూడు చిన్న ఎముకలు అయ్యాయి. ఆ తర్వాత రావలసిన నత్తగుల్ల ఆకారం, పాఠంలో కర్ణావర్తం అని రాస్తారు, దాని చోటు ఖాళీగా ఉంది.

"ఈ ఒక్కటీ పూర్తిచేసి ఇద్దామనుకున్నా రా. చుట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మాట వినదు. పోనీలే, ఆవిడే వేసుకుంటుంది. నువ్వు ఎక్కించెయ్" అంది. మాట చాలా మామూలుగా అంది. ఇరవై రెండేళ్ల పనిని పక్కింటివాళ్లకి గొడుగిచ్చినట్టు ఇచ్చేస్తున్న ఆ గొంతు వినలేక అతను ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు.

"ఎక్కించే ముందు ఒకసారి లోపల శుభ్రం చేస్తానక్కా. ఫైళ్లు తొందరగా ఎక్కుతాయి" అన్నాడు. తేలు కుట్టిన దొంగ కూడా ఇంతకన్నా నిబ్బరంగా అబద్ధమాడతాడు. కానీ కంప్యూటర్ విషయంలో తమ్ముడి మాటకి తిరుగులేదని అక్క నమ్మకం. సరే అని లేచి వెనకాల నిలబడింది.

ఆ ఫైల్ తెరిచాడు. నాలుగు నెలల కిందట తన వేళ్లే కొట్టిన మాట ఎక్కడుండాలో అక్కడే ఉంది. సరైన అప్‌డేట్ వచ్చి కూడా మూడు నెలలైంది. అడ్డం తీస్తే చాలు. తొమ్మిదక్షరాలు చెరిపేసి, మార్పు ఖాయం చేసి, ల్యాప్‌టాప్‌ని ఆపి మళ్లీ లేపాడు. తెర నల్లగా అయి అలాగే ఉండిపోయింది.

"పోయిందా?" అంది అక్క.

"లేదు లేదు, వస్తుంది" అన్నాడు. పది లెక్కపెట్టేలోగా తెర వెలిగింది. చెవి బొమ్మ తెరిచి అటూ ఇటూ జరిపి చూశాడు. ఇంతకుముందు ముక్కలు ముక్కలుగా జరిగే బొమ్మ ఇప్పుడు ఏ అడ్డూ లేకుండా జరిగింది.

"ఒకసారి గీసి చూడక్కా."

"ఎందుకురా, మళ్లీ మనసు పాడుచేసుకోవడం."

"ఒక్కసారి."

ఆమె కూర్చుని, మౌస్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ఊపిరి తీసుకుంది. తర్వాత కదిపింది. గీత మొదట్లోనే ఒక్క గెంతు గెంతి, ఆ తర్వాత నున్నగా సాగింది.

"చూశావా, మొదలుపెట్టేటప్పుడు ఎగురుతుంది. డాక్టర్ కూడా అదే అడిగాడు, మొదట్లోనా చివర్లోనా అని" అంది.

ఇది అతను అనుకోలేదు. పక్కకి వంగి, ల్యాప్‌టాప్ తన పనులన్నీ రాసుకునే చిట్టా తెరిచి చదివాడు. చెయ్యి కాసేపు ఆగగానే మౌస్‌కి కరెంటు ఆగిపోతోంది, కదపగానే ఉలిక్కిపడి లేస్తోంది. ఎవరు చేశారు ఈ పని? ఇంకెవరు. ఆ రోజే, అక్క అడక్కపోయినా, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని కరెంటు పొదుపు చేసే ప్రోగ్రామ్ ఒకటి పెట్టి వెళ్లాడు. ఇది ఆ పుస్తకంలో కూడా రాసుకోలేదు. ఉపకారం కదా, రాసుకునేదేముంది. అంటే గతుకులూ అతనివే, గెంతులూ అతనివే. అక్క చేతికి అంటగట్టిన రెండు రోగాలూ ఈ వేళ్లలోంచి వచ్చినవే. పొదుపులోంచి మౌస్‌ని తప్పించి, గీయమని చేత్తో సైగ చేశాడు.

ఈసారి ఆమె మధ్యలో మొదలుపెట్టింది. ఒక చుట్టు, దాని మీద ఇంకో చుట్టు, సగం చుట్టు. ఎక్కడా ఆగకుండా గీత బయటికి వచ్చి చిన్న ఎముకల్లో చివరిదాన్ని తాకింది. ఆమె చెయ్యి తీసి వెనక్కి వాలి దాన్నే చూస్తూ కూర్చుంది. చెరిపేసి మళ్లీ గీసింది. మళ్లీ అలాగే వచ్చింది.

"అమ్మడూ, ఇలా రా" అని కూతుర్ని పిలిచింది. పిల్ల వచ్చి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "మందు పట్టింది. ఆరు వారాలకి గుణం కనిపిస్తుందన్నాడు డాక్టర్. ఇవాళ్టికి సరిగ్గా ఆరు వారాలు. మత్తుగా ఉంటోందని మానేద్దామనుకున్నా, మానకపోవడం ఎంత మంచిదైందో చూడు. ఇంక జన్మలో మానను."

తప్పించుకోవడానికి ఇంతకన్నా మంచి దారి ఎవరికీ దొరకదు. చెయ్యి బాగైంది, కారణం మందు, తమ్ముడు ఫైళ్లు ఎక్కించడానికి వచ్చిన మంచివాడు. ఒక్క అబద్ధం కూడా కొత్తగా ఆడక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. అతను ఒక నిమిషం మూసుకున్నాడు కూడా. అప్పుడు అక్క లేచి అలమరలోంచి మాత్రల పెట్టె తీసి, రేపటికి ఎన్ని ఉన్నాయో చూసుకోవడం మొదలుపెట్టింది. లేని జబ్బుకి, ఉన్నన్నాళ్లూ, రోజుకి రెండు.

"అక్కా, అది మందు కాదు" అన్నాడు.

"ఏది?"

"నీ చెయ్యి ఎప్పుడూ బాగానే ఉంది. ల్యాప్‌టాప్ బాగాలేదు. నేనే పాడుచేశాను."

నీళ్లు నమలకుండా చెప్పాలనుకున్నాడు కానీ నమిలాడు. తెర నల్లబడిన రోజు చేర్చిన మాట, అది తీసెయ్యడం మర్చిపోవడం, మౌస్ నిద్రపోవడం, అన్నీ ముందూ వెనకా అయి వచ్చాయి. రుజువుగా ఆ మాటని మళ్లీ చేర్చి, ల్యాప్‌టాప్‌ని లేపి, ఇప్పుడు గీయమన్నాడు. గీత గతుకులు పడింది. తీసేసి గీయమన్నాడు. నున్నగా వచ్చింది. అక్క ఆ రెండు గీతలనీ మార్చి మార్చి చూసింది. మేనకోడలు మావయ్యని చూసింది. ఆ చూపులో పెంగ్విన్ లేదు, ముద్దూ లేదు.

అక్క మెల్లగా మణికట్టు పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. చెయ్యి కిటికీ వెలుగులోకి చాపి, వేళ్లు విడదీసి, దగ్గరికి తెచ్చి, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకుంది. తర్వాత పెద్దగా ఊపిరి వదిలింది. "అంటే నాకు నాన్న జబ్బు రాలేదన్నమాట."

"రాలేదక్కా."

"చాలు రా. ఆ మాట చాలు. పోనీలే, పనిలో ఎవరికైనా పొరపాటు జరుగుతుంది, నేను కప్పకి ఒకసారి నాలుగు గదుల గుండె వేసేశాను." ఆమె నిజంగానే నవ్వుతోంది. వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది, ఆ చెయ్యే. "ఇవాళ రాబట్టి కనిపెట్టావు. రాకపోయుంటే నేను బతికినంతకాలం ఇలాగే ఉండేదాన్ని కదా."

క్షమాపణ అడక్కుండానే దొరికింది. తీసుకుని జేబులో వేసుకుని ఇంటికి పోవచ్చు. కానీ ఆ చెయ్యి భుజం మీద ఉండగా అతనివల్ల కాలేదు.

"ఇవాళ కనిపెట్టలేదు" అన్నాడు. "తెలిసి పద్దెనిమిది రోజులైంది."

భుజం మీది చెయ్యి వెంటనే తియ్యలేదు. కాసేపటికి తీసింది. ఆమె వెళ్లి కుర్చీలో కూర్చుని బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టింది. "ఉత్తరం ఇచ్చి పదకొండు రోజులు" అంది. లెక్క అంతకుమించి ముందుకి చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. తెలిసిన రోజున చెప్పి ఉంటే ఆ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

"అమ్మా, ఆఫీసుకి ఫోన్ చెయ్యి, ఇప్పుడే చెయ్యి" అంది మేనకోడలు.

అక్క నంబరు నొక్కి, అవతలివాళ్ల మాట గదిలో వినిపించేలా పెట్టి, ఫోన్‌ని తమ్ముడి ముందుకి జరిపింది. "నువ్వు మాట్లాడు. నాకు చెప్పినట్టే మేనేజర్ గారికీ చెప్పు."

అతను చెప్పాడు. మేనేజర్ సగంలో ఆపి, "అంటే ఆవిడ చెయ్యి బాగానే ఉందంటారా?" అని అడిగాడు.

"బాగానే ఉందండి. ఎప్పుడూ బాగానే ఉంది. తప్పంతా నాది."

"చాలా సంతోషమండి. కానీ ఈ ఏడాది సైన్సు పుస్తకాలన్నీ కొత్తావిడకి రాసిచ్చేశాం. ఆవిడ ఉన్న ఉద్యోగం వదిలి వచ్చింది. పొమ్మనలేను కదా. వచ్చే ఏడాది పుస్తకాలకి బొమ్మలక్కనే అడుగుతాం, మాటిస్తున్నాను. ఫైళ్లు మాత్రం ఇవాళే పంపించమనండి."

"పంపిస్తాను" అంది అక్క దూరం నుంచే, స్థిరంగా. ఫోన్ ఆగిపోయింది.

ఆమె చెవి బొమ్మ మళ్లీ తెరిచింది. కర్ణావర్తం చివరి చుట్టు సరిచేసి, లోపలి నరాలు ఒక్కొక్కటే గీసింది. ఆ పుస్తకంలో వేరొకరి పేరు వస్తుందని తెలిసి కూడా, ఎప్పుడూ గీసేంత శ్రద్ధగానే గీసింది. బొమ్మ పూర్తయ్యాక డిస్కు తీసి తమ్ముడి చేతికిచ్చింది.

"మర్చిపోయినందుకు నాకు కోపం లేదురా" అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "పుస్తకాలు పోయినందుకు కూడా కాదు, వచ్చే ఏడాది వస్తాయి. ఈ పద్దెనిమిది రోజులూ నువ్వు పొద్దున్నే ఫోన్ చేశావు. చెయ్యి ఎలా ఉందక్కా అని అడిగావు. నేను రోజూ చెప్పాను."

అది నిజం. అంతకుముందు వారానికోసారి చేసేవాడు, తెలిసిన దగ్గర్నుంచే రోజూ చేశాడు. ఇవాళైనా బాగుందంటుందేమో, తను చెప్పే అవసరం తప్పుతుందేమో అని. ఆమె మాత్రం తమ్ముడికి తన మీద ఎంత బెంగో అనుకుని, ఉన్నదున్నట్టు చెప్పేది. ఏ వేలు ముందు వణికిందో కూడా.

అతను డిస్కులోకి ఫైళ్లు ఎక్కించాడు. ఇరవై రెండేళ్ల బొమ్మలు, గంటకి పైగా పట్టింది. ఎక్కించి లేచి, "నేను వెళ్లనా అక్కా?" అన్నాడు.

"ఎక్కడికి వెళ్తావు? సాయంత్రం మీ బావ వస్తారు. నాలుగు నెలలుగా నా మీద బెంగతో ఆయన సరిగ్గా నిద్రపోవడం లేదు. ఆయనకి కూడా నువ్వే చెప్పాలి, పద్దెనిమిది రోజుల సంగతితో సహా. కూర్చో."

అతను కూర్చున్నాడు. బావ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరవుతుంది. ఇప్పుడు పన్నెండు కూడా కాలేదు.